గేటు ముందు వరుస: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా కొనుగోలు ఉద్యోగం

కాయ సెక్షన్

మా ఫ్యాక్టరీలో నేను పనిచేసిన చోటిని అందరూ కాయ సెక్షన్ అనేవాళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో సలహాదారు వచ్చి వెళ్ళాక, తలుపు మీద సప్లై చైన్ విభాగం అని బోర్డు తగిలించారు. బోర్డు మారింది కానీ నా బల్ల మారలేదు, పనీ మారలేదు. తోటలో ఉన్న మామిడికాయ ఫ్యాక్టరీకి ఎప్పుడు రావాలి, ఎంత రావాలి, ఏ ధరకు రావాలి, గుజ్జుగా మారి ఎప్పుడు బయటికి పోవాలి అన్నవి చూసుకోవడమే నా ఉద్యోగం.

ఇప్పుడు శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లోనూ ఇంకా అలాంటి చోట్లా ఈ పనిలో చేరుతున్న పిల్లలు, పుస్తకంలో చదివినదానికీ పనికీ ఏమైనా పొంతన ఉంటుందా అని నన్ను అడుగుతుంటారు. ఉంటుంది. కాకపోతే పుస్తకంలో బాణం గుర్తు గీసిన చోట పనిలో ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషికి భయాలుంటాయి, ఇంట్లో ఖర్చులుంటాయి. ఈ మాట చెప్పడం తేలికే. నాకు మాత్రం ఒక చెడ్డ సీజను చూశాకే అర్థమైంది. ఆ సీజను గురించీ, అది ఎలా వచ్చిందన్న దాని గురించీ రాస్తాను.

మాది తిరుచానూరు. నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. నేను టీచరు కావాలని ఆయన కోరిక. నేను కామర్సు చదివి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. అక్కడికి వచ్చే తోతాపురి రకం కాయను కోసుకుని తినేవాళ్ళు తక్కువ. అది ఎక్కువగా రసానికే పోతుంది. కాయను పచ్చిగా కొని, షెడ్లలో మాగబెట్టి, గుజ్జు తీసి, వేడిచేసి, గాలి చొరబడని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. కొనడమంతా ఎండాకాలం చివరి వారాల్లో జరుగుతుంది. అమ్మడం మాత్రం ఏడాది పొడుగునా సాగుతుంది. ఈ వ్యాపారంలో కష్టమంతా ఆ తేడాలోనే ఉంది.

పెద్ద మిషను

మా యజమాని వరదప్ప నాయుడు. మా వైపు అలవాటు ప్రకారం అందరం ముదలాళి అనేవాళ్ళం. బెల్లం మండీతో మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా వచ్చిన మనిషి. గొంతు పెద్దది, కోపం కూడా పెద్దదే. అయితే తప్పు కళ్ళకు కనిపిస్తే ఒప్పుకోవడానికి సిగ్గుపడేవాడు కాదు. నేను చూసిన పై అధికారుల్లో ఈ ఒక్క గుణం ఉన్నవాళ్ళు చాలా తక్కువ.

ఒక ఏడాది ఆయన గుజ్జు తీసే పెద్ద మిషను కొన్నాడు. పాతదానికన్నా ఎన్నో రెట్లు వేగం. కొబ్బరికాయ కొట్టి, అందరికీ లడ్డూలు పంచాడు. సీజను సగానికి వచ్చినా డ్రమ్ముల సంఖ్య మాత్రం పెరగలేదు. ముందు కరెంటును తిట్టాడు, తర్వాత మిషను నడిపేవాళ్ళను తిట్టాడు. తిట్లకు భయపడి వాళ్ళు సరిగ్గా మాగని కాయను కూడా మిషనులో వేయడం మొదలుపెట్టారు. గుజ్జు పుల్లగా, పాలిపోయినట్టు వచ్చింది. కొన్న కంపెనీ ఆ సరుకును వెనక్కి పంపింది.

లారీ తిరిగొచ్చిన రోజు పొద్దున ఆయన నన్ను పిలిచాడు. ఇద్దరం గేటు దగ్గర మొదలుపెట్టి, కాయ నడిచే దారి వెంట నడిచాం. తూకం దగ్గర ఆలస్యం లేదు. కడిగే చోట లేదు. మాగబెట్టే షెడ్ల దగ్గర ఆయన ఆగిపోయాడు. నేల కనపడకుండా క్రేట్లు పేర్చి ఉన్నాయి.

"ఈడ కాయ మాగేదానికి టైము పడతాది గదమ్మా. మిషను తొందరపెట్టిందని బిన్నా మాగదు గదా!" అన్నాడు.

"అవును సార్. మన ఫ్యాక్టరీ కొలత ఆ మిషను కాదు, ఈ షెడ్డు. దీంట్లో పట్టినంతే మనం చెయ్యగలం."

ఆయన గట్టిగా నవ్వాడు. "నేను కొనింది పెద్ద నోరు. కడుపు మాత్రం పాతదే."

మరుసటి ఏడాదికి షెడ్లు కట్టించాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. అన్నిటికన్నా ఇరుకైన చోటు ఏదో వెతకండి. అది దొరక్కుండా ఇంకెక్కడ డబ్బు పెట్టినా వృథా. ఆ షెడ్ల దగ్గర నిలబడినప్పటి నుంచి, ఒక రోజులో మేం ఎన్ని బళ్ళ కాయ దించుకోగలమో నాకు కచ్చితంగా తెలిసింది. ఆ లెక్క తర్వాత ఎంత అవసరపడుతుందో అప్పుడు నాకు తెలియదు.

ఒక కుటుంబం, మూడు లాడ్జీలు

కొన్నేళ్ళకు ఒకసారి పూత రాలిపోయి కాపు బాగా తగ్గింది. గుజ్జు దొరకదన్న భయంతో రసం కంపెనీలు ఎప్పుడూ అడగనంత సరుకు అడిగాయి. ఆ ఏడాది మేం ఇవ్వలేకపోయిన దాన్ని వచ్చే ఏడాదికి కలిపి మరీ ఆర్డర్లు పంపాయి. ముదలాళి ముఖంలో పండగ కనిపించింది. నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు.

మామకు తిరుచానూరులో చిన్న లాడ్జి ఉండేది. ఒకసారి అమ్మవారి పంచమి తీర్థం ఉత్సవానికి ముందు గదుల కోసం ఫోన్లు ఆగకుండా మోగాయి. ఆ ఊపు చూసి పక్కిల్లు అద్దెకు తీసుకున్నాడు, మంచాలు తెప్పించాడు. తీరా ఆ రోజు సగం మంది రాలేదు. గది దొరుకుతుందో లేదోనని ఒక్కొక్క కుటుంబం మూడేసి లాడ్జీల్లో చెప్పిపెట్టుకుని, గుడికి దగ్గరున్న దాంట్లో దిగిపోయింది. మూడు లాడ్జీలవాళ్ళూ మూడు కుటుంబాలు వస్తాయనుకున్నారు. ఖాళీ మంచాల మధ్య కూర్చుని మామ అన్న మాట నాకు బాగా గుర్తు. "వాళ్ళు మోసం చేసినారని నేను అనను అలమేలూ. భయపడినారు, అంతే. నేనే ఆ భయాన్ని గిరాకీ అనుకుంటి."

ఒక కంపెనీ కొనుగోలు అధికారికి ఫోన్ చేసి, ఈ ఆర్డరు మాకొక్కరికే ఇచ్చారా, మిగతా ఫ్యాక్టరీలకూ ఇచ్చారా అని అడిగాను. ఆయన నవ్వి మాట మార్చేశాడు. నాకు కావలసిన జవాబు అదే. ముదలాళికి మామ కథంతా చెప్పి, సగమే నమ్ముదాం అన్నాను.

"ఆర్డరు నా చేతిలో ఉండాది. మీ మామకు ఫోన్లో చెప్పినారు, నాకు కాయితం మీద రాసిచ్చినారు. ఇంకేం కావల్ల నీకు?" అన్నాడు.

మరుసటి ఏడాది కాపు మామూలుగా వచ్చింది. ఆయన బ్యాంకులో అప్పు తెచ్చి, షెడ్లు పట్టినంత కాయ కొని, గోదాముల నిండా డ్రమ్ములు పేర్చాడు. కంపెనీలు ముందుగా ఎవరి దగ్గర సరుకు అందితే వాళ్ళ దగ్గర తీసుకున్నాయి. మిగతా ఆర్డర్లు ఒకటొకటిగా వాయిదా పడ్డాయి, తర్వాత రద్దయ్యాయి. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటిదీ ఇదే పరిస్థితి.

గోదాములో డ్రమ్ము ఉంటే ఆస్తి ఉన్నట్టే కదా అని కొత్తవాళ్ళు అనుకుంటారు. అమ్ముడుపోయేదాకా అది ఆస్తి కాదు. దాంట్లో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ నడుస్తూ ఉంటుంది, మళ్ళీ కాయ కొనడానికి మాత్రం చేతిలో డబ్బు ఉండదు. లాభంలో ఉన్నట్టు లెక్కల్లో కనిపిస్తూనే వ్యాపారం ఊపిరాడక పోవచ్చు. ఒకరోజు గోదాములో డ్రమ్ముల మధ్య నడుస్తూ ముదలాళి, "నువ్వు చెప్పినావు గదమ్మా," అని మాత్రం అన్నాడు.

రెడ్డెమ్మ ట్రాక్టరు

ఆ మరుసటి ఏడాది చెట్లు విరగకాశాయి.

గోదాములు నిండి ఉన్నాయి, బ్యాంకు కొత్తగా ఇచ్చేది తక్కువ, కాయ మాత్రం ఎప్పుడూ లేనంత. సీజను మొదలైన కొద్ది రోజులకే మా గేటు ముందు నుంచి మెయిన్ రోడ్డు దాకా ట్రాక్టర్లు, లారీలు బారులు తీరాయి. రోజుల తరబడి కదలని బళ్ళున్నాయి. కింది కాయ మెత్తబడి రసం కారుతోంది. ఈగలు, ఎండ, పులిసిన వాసన. ధర రోజురోజుకీ దిగిపోతోంది.

ఒక మధ్యాహ్నం నేను ఆ వరుస వెంట నడిచాను. ఒక ట్రాక్టరు నీడలో ఒకామె తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుంది. నా వయసే ఉంటుంది. పేరు రెడ్డెమ్మ. మా ఫ్యాక్టరీకి ఏళ్ళుగా కాయ తోలే రైతు కుటుంబం.

"మీ ఆయన రాలేదా?" అని అడిగాను.

"ఆయప్ప ఇంకో ఫ్యాక్టరీ కాడ ఉండాడు, ఇంకో బండితో. మా మరిది మండీ కాడ. యాడ ముందు కదిలితే ఆడికి మిగతా బండ్లు తిప్పుకుంటాం."

నేను ఆమె బండిలోని కాయ ఒకటి తీసి చూశాను. ఇంకా ముదరలేదు. "ఇంకొన్నాళ్ళు చెట్టునే ఉంచుంటే బరువూ వచ్చేది, తీపీ వచ్చేది. ఎందుకు కోసేశారు?" అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. "రేపు ధర ఇంకా పడిపోతాదని ఊరంతా కోసేసినారమ్మా! నేనొకదాన్నే చెట్టున పెట్టుకొని కూసోమంటావా? రేపటికి నీ గేటే మూసేస్తే?"

నేను ఆఫీసుకు తిరిగొచ్చి చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించాను. ఒక కుటుంబం మూడు చోట్ల వరుసలో నిలబడింది. ధర పడుతుందన్న భయంతో ముందే కోశారు. అందరూ ముందే కోయడం వల్లే ధర ఇంకా పడింది. రెండేళ్ళ కింద కంపెనీలు చేసిందే ఇప్పుడు రైతులు చేస్తున్నారు. అప్పుడు సరుకు దొరకదన్న భయం, ఇప్పుడు సరుకు పోదన్న భయం. గేటు ముందున్న వరుసలో కొంత నిజమైన కాయ, కొంత ఉత్త భయం. కాయ ఎక్కువగా కాయడాన్ని నేను ఆపలేను. భయాన్ని మాత్రం కొంత తగ్గించగలను అనిపించింది.

ముదలాళి దగ్గరికి వెళ్ళి చెప్పాను. షెడ్లలో రోజుకు ఎన్ని బళ్ళు పడతాయో మనకు తెలుసు. అన్నే టోకెన్లు ఇద్దాం. టోకెన్ మీద రైతు పేరు, రావలసిన రోజు, వేళ రాద్దాం. ఆ రోజు దాకా కాయ చెట్టునే ఉంటుంది, చెట్టుకు గోదాము అద్దె ఉండదు. అయితే ధర కూడా ఇవాళే రాసివ్వాలి.

"ధర ఎందుకు రాయల్ల?" అన్నాడు వెంటనే. "దినామూ పడిపోతా ఉంటే నన్ను ఇప్పుడే కట్టేసుకోమంటావా? వచ్చిన దినం ఏం ధర ఉంటే అది ఇస్తాం."

"అట్లయితే ఒక్కరూ ఆగరు సార్. వాళ్ళు కోస్తా ఉండేది రోజు తెలియక కాదు, ధర తెలియక."

"నష్టం నాకు గదా?"

"ఇప్పుడు నష్టం లేదా సార్? వరుసలో కుళ్ళిన కాయకు మనం డబ్బియ్యం. కానీ ముదరని కాయలో గుజ్జు తక్కువ, దానికి డబ్బిస్తా ఉండాం. ఇంకొకటి. బంగారుపాళెం పక్క ధర లేక తోటలు కొట్టేస్తా ఉండారు. చెట్టు కొట్టేస్తే మళ్ళ కాపుకొచ్చేదానికి ఎన్నేండ్లు పడతాది?"

ఆయన మరునాడు పొద్దున వచ్చి, షెడ్లలో సగం భాగానికి టోకెన్లు ఇమ్మన్నాడు. మిగతా సగం మామూలుగానే. నాకది చాలు.

ధర పడినప్పుడు, లేచినప్పుడు

మొదట్లో టోకెన్ తీసుకోవడానికి చాలామంది జంకారు. మండీ దళారులు అది ఉత్త చీటీ అని ప్రచారం చేశారు. వరుసలో బండి ఖాళీ చేసుకుని వెళ్తున్న రెడ్డెమ్మను నేనే పిలిచి, మిగతా తోటకు టోకెన్ తీసుకోమన్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి పూచీ నీ మాటా, ముదలాళి మాటా?"

"ముదలాళి సంతకం ఉండాది, సూడు."

వారం తిరగకముందే బయట ధర టోకెన్ ధరకన్నా కిందికి పోయింది. అప్పుడు మా లెక్కల అధికారి ముదలాళికి ఒక సలహా ఇచ్చాడు. కాయలో నాణ్యత లేదని చెప్పి టోకెన్ బళ్ళకు కొంత కోత పెడదామని. ఆ గదిలో నేనూ ఉన్నాను. ముదలాళి ఆయన వైపు చూసి, "బెల్లం మండీలో మాట తప్పినోడికి రెండోసారి సరుకు దించేవాడు లేడప్పా," అన్నాడు. చెప్పిన ధరే ఇచ్చాడు. దాంతో టోకెన్ల కోసం జనం రావడం మొదలైంది.

తర్వాత ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. మరునాడు నేను రెడ్డెమ్మ తోటకు వెళ్ళాను. చెట్ల కింద రాలిన కాయలు పరుచుకుని ఉన్నాయి.

"నువ్వే గదా చెట్టున పెట్టమంటివి. ఇప్పుడీ కాయ ఎవురికి?" అంది. గొంతు పెంచలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఆమె అన్నది న్యాయం. ధర భయాన్ని మేం తీసుకున్నాం, కానీ గాలి భయాన్ని పూర్తిగా రైతు మీదే వదిలేశాం. చెట్టుకు అద్దె లేదని నేను ముదలాళితో అన్న మాట సగమే నిజం. ఏ ఒప్పందంలోనైనా ఎవరి నెత్తిన ఏ నష్టం పడుతుందో ముందే అడగాలి. అడగకపోతే అది బలం లేనివాళ్ళ మీద పడుతుంది. ముదలాళికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. టోకెన్ తోటల్లో రాలిన కాయను వరుసతో పని లేకుండా ఆ రోజే, కాస్త తక్కువ ధరకు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. దెబ్బ తగిలిన కాయను ఆలస్యం లేకుండా విడిగా మాగబెట్టి, మాగగానే మిషనులో వేస్తే గుజ్జుకు పెద్దగా నష్టం లేదు.

సీజను చివరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. అందరూ ముందే కోసేయడం, గాలికి రాలడం వల్ల చెట్ల మీద కాయ మిగల్లేదు. ధర ఒక్కసారిగా టోకెన్ ధరను దాటిపోయింది. టోకెన్ ఉన్నవాళ్ళలో చాలామంది రాలేదు, బయట అమ్ముకున్నారు. ముదలాళి మండిపడ్డాడు. "ధర పడినప్పుడు నేను నిలబడితిని. ధర లేచినప్పుడు వీళ్ళు పరిగెత్తినారు!"

రెడ్డెమ్మ తన రోజున వచ్చింది. బండి గేటు బయటే ఆపించి, నేరుగా ముదలాళి గదిలోకి నడిచింది.

"కాయ తెచ్చినా సార్. మాట ప్రకారం తెచ్చినా. అయితే బయట ధర ఎంత ఉండాదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కూలీ కూడా పెరిగిపోయినాది. అంతా ఇయ్యమని అడగను. కొంచెమన్నా పంచుకోండి."

ముదలాళి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇది ఆయనే తేల్చుకోవాల్సిన విషయం.

"నువ్వు రాకపొయ్యుంటే నేనేం చేసేవాణ్ణి మే రెడ్డెమ్మా?" అన్నాడు ఆమెతో.

"ఏం చేస్తారు? తిట్టుకుంటారు. వచ్చే యేడు టోకెన్ ఇయ్యరు."

ఆయన నవ్వాడు. ధరల్లో తేడాను చెరిసగం చేసి ఇచ్చాడు.

రానివాళ్ళను నేను ఇప్పటికీ తప్పు పట్టను. అప్పులున్నాయి, ఇంటి ఖర్చులున్నాయి, ఏడాదికొకసారి వచ్చే డబ్బు. ఒక వైపే మంచి జరిగే ఒప్పందాన్ని మనుషుల మంచితనం మీద ఎక్కువకాలం నడపలేం. ఆ ఎండాకాలం తర్వాత ముదలాళి, నేను కూర్చుని టోకెన్‌ను మార్చి రాశాం. దీనికన్నా కిందికి పోదు అన్న ధర ఒకటి. బయట ధర దాన్ని దాటితే పెరిగినదాంట్లో సగం రైతుకు. గాలికి రాలితే ఆ రోజే తీసుకుంటాం.

ఇది అన్నిటినీ బాగుచేసిందని చెప్పను. కాపు మరీ ఎక్కువైన ఏడాది ధర తక్కువే ఉంటుంది. టోకెన్ కాయను తగ్గించదు, రసం తాగేవాళ్ళను పెంచదు. తోతాపురిని నమ్ముకోవడం మంచిది కాదని రైతులు వేరే పంటకు పోతే నేను ఆపను. వరుసలో నిలబడి కాయ కుళ్ళబెట్టుకునే నష్టం, భయపడి ముందే కోసే నష్టం, ఈ రెండిటినే మేం తగ్గించగలిగాం.

ఖాళీ రోడ్డు

మరుసటి సీజను మంచి ఊపులో ఉన్నప్పుడు ఒకరోజు పొద్దున ముదలాళి కారు దిగి గబగబా నా గదిలోకి వచ్చాడు. ముఖం పాలిపోయింది.

"ఏమ్మా, రోడ్డు మీద ఒక్క బండి లేదు! కాయ రాలేదా? ఎవురన్నా ఎక్కువ ధర ఇస్తా ఉండారా?"

"టోకెన్ వేళకు వస్తా ఉండాది సార్. రండి."

ఆయన్ను లోపలికి తీసుకెళ్ళాను. షెడ్లన్నీ నిండి ఉన్నాయి. పెద్ద మిషను నడుస్తోంది. తూకం మీద ఒకే ఒక్క ట్రాక్టరు ఉంది. పక్కన రెడ్డెమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. ముదలాళిని చూసి దండం పెట్టింది.

"ఏం సార్, అంత కంగారుగా ఉండారు?"

"ఏం లేదు మే. బండ్లు కనపడకపోతే భయపడితి."

"బియ్యం నానేసి వచ్చినా సార్," అంది ఆమె. "బిన్నా తూకమెయ్యమనండి. పోయి మధ్యాన్నానికి ఎసురు పెట్టుకోవల్ల."